వదిలేస్తే బతుకుతుందా?

అల్ఫారెట్టాలో మా సబ్‌డివిజన్ వెనక ఒక చెరువు ఉంది. చెరువు అంటే మన ఊరి చెరువు లాంటిది అనుకునేరు. వాన నీళ్ళు రోడ్ల మీదకీ, బేస్‌మెంట్లలోకీ రాకుండా బిల్డర్ తవ్వించి, మధ్యలో ఫౌంటెన్ పెట్టించిన రెండెకరాల గుంట. కొన్నేళ్ళ క్రితం ఒక జూలై మధ్యాహ్నం, ఆ గుంట గట్టు మీద మా అబ్బాయి గాలానికి మొదటి బాస్ పడింది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చేప పౌండున్నర ఉంటుందేమో. వాడి ఆనందానికి మాత్రం తూకం లేదు.

ముందు వాడికీ చేపకీ ఒక ఫోటో తీశాను. తరవాత ఫోన్ చేసి మా ఆవిడని ఇంట్లోంచి రమ్మన్నాం. ఆవిడ వచ్చాక ఇంకో ఫోటో. ఆ వేసవికి ఇండియా నుంచి వచ్చి ఉన్న మా బాపుతో కలిసి మరొకటి. ఆ తరవాత "టాటా" చెప్పి చేపని నీళ్ళలోకి విసిరాం. అది మునిగింది. మేం చప్పట్లు కొట్టాం. పది నిమిషాల తరవాత ఫౌంటెన్ పక్కన తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది.

"వదిలేశాం కదా నాన్నా, ఎందుకు చచ్చిపోయింది?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు. గట్టు మీద కూర్చున్న బాపు మాత్రం అన్నాడు, "తింటె తినాలె, లేకుంటె బతకనియ్యాలె. ఫోటో దిగెతందుకు పాణం తీస్తరార?"

నేను పెరిగింది పాకాల చెరువు వైపు. నాకు బాగా తెలిసిన చేప కొర్రమట్ట, అంటే కోస్తా వాళ్ళు కొరమేను అనేది. అంగట్లో కొద్దిపాటి నీళ్ళున్న తొట్టిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా బతికే ఉంటుంది. కొనుక్కుని సంచీలో వేసుకుని ఇంటికొస్తే దార్లో కూడా తన్నుకుంటూనే ఉంటుంది. కారణం, దానికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. బాస్‌కి ఆ సదుపాయం లేదు. నేను ఒక చేపని చూసి నేర్చుకున్నది ఇంకో చేపకి వర్తింపజేశాను. మనం ఈ దేశంలో చేసే చాలా పొరపాట్లు ఇలాంటివే అనుకుంటాను. తెలియక చేసేవి తక్కువ, వేరే చోట తెలుసుకున్నదాన్ని నమ్ముకుని చేసేవి ఎక్కువ.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. చదివిందీ, ఆ తరవాతి వేసవులలో చుట్టుపక్కల చెరువుల దగ్గర నేర్చుకున్నదీ మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం. పిల్లల్ని ఐప్యాడ్ ముందు నుంచి లేపి బయటికి తీసుకెళ్ళడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు కనబడలేదు.

ఈ బాస్ ఎవరు?

మన అల్ఫారెట్టా చుట్టుపక్కల "బాస్" అంటే ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లార్జ్‌మౌత్ బాస్, పేరుకి తగ్గట్టే నోరు పెద్దది. నోరు మూసినప్పుడు పై దవడ చివర కంటిని దాటి వెనక్కి పోతుంది. 1970 నుంచి ఇదే జార్జియా రాష్ట్ర చేప. రెండోది స్పాటెడ్ బాస్. దీని దవడ కంటిని దాటదు, నాలుక మీద చేత్తో తడిమితే గరుకుగా పళ్ళ మచ్చ తగులుతుంది. ఇళ్ళ మధ్య ఉన్న చెరువుల్లో మొదటిది ఎక్కువ, లేక్ లేనియర్‌లో రెండోది ఎక్కువ.

బాస్ వేటకారి చేప. మన బొచ్చె, రవ్వల్లా తవుడుకీ, పిండికీ రాదు. కదిలేది కావాలి. చిన్న చేప, కప్ప, ఎండ్రకాయ, తూనీగ, ఏదైనా సరే నీడలో దాక్కుని ఒక్కసారిగా మీద పడుతుంది. వసంతంలో నీళ్ళు 60, 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరేసరికి మగ చేప తోకతో అడుగున గుండ్రంగా గూడు ఊడుస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్లకీ, పిల్లలకీ కాపలా తండ్రిదే. ఇది చెబితే మా బాపు, "మన కొర్రమట్ట కూడ గంతే గదా, పిల్లల ఎంబడే తిరుగుతది" అన్నాడు. నిజమే. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద తేలుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా తిరగడం మన చెరువుల్లో చూసినవాళ్ళకి తెలుసు.

ఈ చేపకి సంబంధించిన ప్రపంచ రికార్డు కూడా మన రాష్ట్రానిదే. 1932 జూన్ 2న జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు, వానకి పొలం పని సాగక, ఒక స్నేహితుడితో కలిసి దక్షిణ జార్జియాలో ఓక్మల్గీ నది పక్కనున్న మాంట్‌గోమరీ లేక్‌కి వెళ్ళాడు. అక్కడ పట్టిన లార్జ్‌మౌత్ బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. డిప్రెషన్ రోజులు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్ళి, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 77 ఏళ్ళ తరవాత, 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన అంతకన్నా ఒక ఔన్సుకి కాస్త తక్కువ తేడాతో పెద్ద చేపని పట్టాడు. కొత్త రికార్డు కావాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువ ఉండాలన్నది నియమం కాబట్టి ఇద్దరికీ సమానంగా పంచారు.

ఈ చెరువులు ఎక్కడివి?

ఉత్తర జార్జియాలో మనకి కనబడే పెద్ద సరస్సులన్నీ మనుషులు కట్టినవే. ఈ సంగతి తెలిశాక నాకు ఈ నేల కొంచెం దగ్గరైనట్టు అనిపించింది. మా పాకాల, రామప్ప, లక్నవరం కూడా కాకతీయుల కాలంలో వాగులకి అడ్డంగా కట్టలు వేసి నిలిపినవే కదా!

లేక్ లేనియర్ చటాహూచీ నది మీద 1950లలో కట్టిన బ్యూఫోర్డ్ డ్యామ్ వెనక నిలిచిన నీరు. 1956లో గేట్లు మూశారు. దాదాపు 38 వేల ఎకరాలు. అదే నది మీద కవిత రాసిన సిడ్నీ లేనియర్ అనే జార్జియా కవి పేరు పెట్టారు. కవి పేరు మీద జలాశయం ఉన్న చోట బతుకుతున్నాం, సాహిత్యం వాళ్ళం సంతోషించాల్సిన విషయమే.

చిన్న చెరువుల కథ వేరు. దక్షిణాదిలో పాత పొలాల్లో కనబడే చెరువుల్లో చాలా వాటి వెనక పొరుగు రాష్ట్రం అలబామాలోని ఆబర్న్‌లో పనిచేసిన హోమర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త పరిశోధన ఉంది. 1930లలో, 40లలో ఆయన ఏ చేపలు ఎన్ని వేస్తే చెరువు నిలకడగా ఉంటుందో లెక్క కట్టాడు. బ్లూగిల్ అనే అరచేయంత చేప పురుగుల్ని తిని బాగా పిల్లల్ని పెడుతుంది. బాస్ ఆ పిల్లల్ని తిని పెరుగుతుంది. బాస్ లేకపోతే బ్లూగిల్ మరీ ఎక్కువై ఏదీ ఎదగదు. మరి బాస్ మరీ ఎక్కువైతే? అప్పుడు తిండి చాలక అన్నీ పది, పదకొండు అంగుళాల దగ్గరే ఆగిపోతాయి, తల పెద్దగా, పొట్ట వీపుకి అంటుకుపోయి. అలాంటి చెరువుల్లోంచి ఏటా కొన్ని చిన్న బాస్‌లని తీసి తినమనే చెరువుల నిపుణులు చెబుతారు. అంటే పట్టిన ప్రతి చేపనీ వదిలేయడమే ధర్మం అన్న మాట అన్ని చోట్లా నిజం కాదు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? 1968లో అలబామాలో బాస్ వేటగాళ్ళ సంఘం పెట్టిన రే స్కాట్, 1972లో తన టోర్నమెంట్లలో పట్టిన చేపల్ని ప్రాణంతో వదలాలని ప్రచారం మొదలుపెట్టాడు. వందలమంది వేటగాళ్ళు ఒకే సరస్సు మీద పడితే చేపలు మిగలవని భయం. మంచి ఆలోచనే. కాని వదలడం ఒక నైపుణ్యం. అందులోనూ వేసవిలో.

వేసవిలో నీళ్ళ లోపల ఏం జరుగుతుంది?

మా అబ్బాయి ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. చన్నీళ్ళు ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టి ఉంచుతాయి, వేడి నీళ్ళు తక్కువ. 50 డిగ్రీల నీళ్ళు లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలిగితే, 86 డిగ్రీల నీళ్ళు ఏడున్నర మాత్రమే పట్టగలవు. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఖర్చు పెరుగుతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన సంసారం అన్నమాట. ఆ స్థితిలో చేప గాలంతో ఐదు నిమిషాలు పెనుగులాడితే కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది. మనం పరిగెత్తి వచ్చి ఆయాసపడుతున్నట్టే. సరిగ్గా అప్పుడు దాన్ని గాలిలోకి ఎత్తి ఫోటోలు తీస్తాం. పరుగు పందెం అయినవాడి ముక్కూ నోరూ మూసినట్టే కదా!

ఇంకో సంగతి. చెరువులో పచ్చి, నాచు పగలు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తాయి, రాత్రి అవి కూడా వాడుకుంటాయి. అందుకని తెల్లవారేముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. వరసగా రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉక్కగా ఉంటే ఇంకా తక్కువ. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ కనబడితే అవి ఆకలితో లేవు, ఊపిరాడక వచ్చాయి. ఆ రోజు గాలం తియ్యకండి, ఇంటికి వెళ్ళి కాఫీ తాగండి.

లేనియర్ లాంటి లోతైన చోట వేసవిలో నీళ్ళు అంతస్తులుగా విడిపోతాయి. పైన వేడి నీరు, ఇరవై ముప్ఫై అడుగుల కింద చల్లటి నీరు. స్పాటెడ్ బాస్‌లు పగలు లోతుకి దిగుతాయి. అంత లోతు నుంచి గబగబా పైకి లాగితే చేప లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందకి దిగలేక పక్కకి ఒరిగి తేలుతుంది. అందుకే కొత్తవాళ్ళకి, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నా సలహా: వేసవిలో గట్టు దగ్గర, పొద్దున సూర్యుడు చెట్ల మీదకి వచ్చే లోపల, లేదా సాయంత్రం ఏడు తరవాత. ఆ వేళల్లో బాస్ కూడా వేటకి గట్టు దగ్గరకి వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి నేను చేసిన పని మాత్రం చెయ్యకండి.

ఏం కావాలి?

చిన్నప్పుడు మాకు వెదురు కర్ర, తంగూసు, జొన్నబెండు, వానపాము ఉంటే చాలు. ఇక్కడ కూడా పెద్దగా తేడా లేదు. ఆరడుగుల కర్ర, దానికి స్పిన్నింగ్ రీలు, పది పౌండ్ల బరువు ఆపే దారం. మరీ సన్నటి దారం వద్దు. సన్నమైతే చేపని నెమ్మదిగా, ఎక్కువసేపు ఆడించి లాగాలి, అది దాని ప్రాణానికి మంచిది కాదు.

ఎర విషయంలో బాస్ వేటగాళ్ళకి ఇష్టమైనది ప్లాస్టిక్ వానపాము. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. దాన్ని గుచ్చే పద్ధతుల్లో పేరున్నది టెక్సస్ పద్ధతి. దారానికి ముందు తూటా ఆకారపు గుండు ఎక్కించి, చివర వంపు తిరిగిన గాలం కట్టాలి. గాలం మొనని వానపాము తల్లో పావు అంగుళం గుచ్చి పక్కకి తీసి, గాలాన్ని తిప్పి, మొనని మళ్ళీ ఒంట్లోకి గుచ్చి దాచాలి. మొన బయటికి కనబడకపోవడంతో పచ్చిలో, కొమ్మల్లో తట్టుకోదు. నీళ్ళలోకి వేసి అడుగుకి చేరనిచ్చి, కర్రని కొంచెం ఎత్తి దించుతూ మెల్లగా లాక్కోవాలి. "టక్ టక్" మని తెలిస్తే దారం బిగించి ఒక్క ఊపు. ఆలస్యం చేస్తే చేప గాలాన్ని గొంతులోకి మింగుతుంది. చిన్నపిల్లలకైతే ఇదంతా వద్దు. బెండు కట్టి, నిజం వానపాముతో బ్లూగిల్ పట్టనివ్వండి. బెండు మునిగిన క్షణం వాళ్ళ ముఖం చూడాలి.

వదిలే పద్ధతి, తినే పద్ధతి

వదలాలనుకుంటే: గాలానికి ఉండే వెనక ముల్లుని ముందే పటకారుతో నొక్కేయండి. చేపని త్వరగా గట్టుకి చేర్చండి. పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆ జిగురే దానికి జబ్బులు రాకుండా కవచం. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని, రెండో చేత్తో పొట్ట కింద ఆనించండి. గడ్డి మీద, వేడి డాక్ మీద పడెయ్యకండి. గాలం గొంతులో దిగితే పీకకండి, దారం దగ్గరగా కోసి వదిలెయ్యండి. ఫోటోకి కెమెరా ముందే సిద్ధం చేసి, చేప నీళ్ళలో ఉండగానే అందరూ నిలబడి, అప్పుడు ఎత్తి ఒకే ఫోటో. మా ఇంట్లో లెక్క ఏమిటంటే, చేపని ఎత్తినవాడు తన ఊపిరి కూడా బిగబట్టాలి. ఊపిరి ఆగనప్పుడు చేపని దించాలి. నీళ్ళలోకి విసరకుండా, మెల్లగా పట్టుకుని, అదే తోక ఆడించి వెళ్ళేదాకా ఉండాలి.

తినాలనుకుంటే: జార్జియాలో లార్జ్‌మౌత్ సాధారణంగా 12 అంగుళాలు ఉండాలి, లేనియర్‌లో 14. రోజుకి ఒకరికి పది బాస్‌ల వరకే. కొన్ని చోట్ల వేరే లెక్కలు ఉంటాయి కాబట్టి రాష్ట్రం వాళ్ళు ప్రతి ఏడూ వేసే నిబంధనల పుస్తకం చూసుకోవాలి. వేటకారి చేప కాబట్టి వయసు పెరిగినకొద్దీ ఒంట్లో పాదరసం చేరుతుంది. అందుకే తినడానికి చిన్నవి మంచివి. ఏ నీళ్ళ చేప నెలకి ఎన్నిసార్లు తినచ్చో కూడా రాష్ట్రం వాళ్ళు పట్టిక ఇస్తారు. ఇళ్ళ మధ్య వాన నీటి గుంటల్లో చేపలు మాత్రం మేము తినం, అందరి లాన్ల మందులూ అందులోకే చేరతాయి. తినాలనుకున్న చేపని పట్టిన వెంటనే చంపి ఐస్‌లో పెట్టండి. బకెట్‌లో గంటసేపు కొట్టుకోనివ్వడం దానికీ మంచిది కాదు, కూరకీ మంచిది కాదు. చింతపండు పులుసుకి బాస్ బాగానే ఒదుగుతుంది. ముల్లు తక్కువ కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా తింటారు.

ఎక్కడ, ఏ అనుమతితో?

16 ఏళ్ళు నిండిన అందరికీ లైసెన్స్ కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా. వాళ్ళకి ఒక రోజు లైసెన్స్ దొరుకుతుంది. జూన్ మొదట్లో లైసెన్స్ అక్కర్లేని ఉచిత రోజులు ఉంటాయి, సాధారణంగా శనివారాలు. మన మృగశిర కార్తె కూడా దాదాపు ఆ రోజుల్లోనే మొదలవుతుంది. "మిరుగం నాడు చేపలు తినాలె" అనే ఇళ్ళవాళ్ళకి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

సబ్‌డివిజన్ చెరువులు ప్రైవేటు. విండ్‌వర్డ్ సరస్సు దాదాపు 195 ఎకరాలు ఉన్నా అది అక్కడివాళ్ళదే, తెలిసినవాళ్ళు పిలిస్తేనే. అందరికీ తెరిచి ఉన్నది లేనియర్. 400 మీద వెళ్తే ఫార్సైత్ కౌంటీ వైపు చార్ల్‌స్టన్ పార్క్, యంగ్ డీర్ క్రీక్ పార్క్ లాంటివి ఉన్నాయి. ఒక రోజంతా గడపాలంటే మాన్స్‌ఫీల్డ్ దగ్గర చార్లీ ఇలియట్ వైల్డ్‌లైఫ్ సెంటర్‌లో ఇరవైకి పైగా చెరువులు ఉన్నాయి. బ్యూఫోర్డ్ డ్యామ్ కింద చటాహూచీలో బాస్ కోసం వెళ్ళకండి. డ్యామ్ అడుగు నుంచి వచ్చే ఆ నీళ్ళు ఆగస్టులో కూడా ఐస్‌లా ఉంటాయి, అది ట్రౌట్ చేపల చోటు. డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినప్పుడు నది ఉన్నట్టుండి పెరుగుతుంది కూడా.

లేనియర్ గురించి ఒక్క మాట. మన వాళ్ళలో ఈత రానివాళ్ళు ఎక్కువ. ఆ సరస్సు అడుగున ఒకప్పటి కొండలూ లోయలూ ఉన్నాయి, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు రావచ్చు. కదిలే పడవలో 13 ఏళ్ళ లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ చట్టం. పెద్దవాళ్ళకి చట్టం కాకపోయినా వేసుకోండి. గట్టు మీద చేప కోసం వంగే పిల్లలకి కూడా వేయండి.

కొర్రమట్ట వస్తే ఏం చెయ్యాలి?

2019 అక్టోబరులో మన పక్కనే ఉన్న గ్విన్నెట్ కౌంటీలో ఒక ప్రైవేటు చెరువులో నార్తర్న్ స్నేక్‌హెడ్ దొరికింది. జార్జియాలో అదే మొదటిసారి. అది మన కొర్రమట్టకి దాయాది, చైనా వైపు నుంచి వచ్చింది. గాలి పీలుస్తుంది, పిల్లల్ని కాస్తుంది, ఇక్కడి చేపల తిండి లాక్కుంటుంది. అధికారులు చెప్పింది ఒకటే: పట్టుకుంటే వదలద్దు, వెంటనే చంపి ఫ్రీజ్ చేసి, ఫోటో తీసి మాకు చెప్పండి. 2002 నుంచి ఆ కుటుంబం చేపల్ని ప్రాణంతో ఈ దేశానికి తేవడం నిషేధం. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నదీ ఆ కుటుంబం చేపే.

బాపుకి ఇది చెబితే నొచ్చుకుంటాడనుకున్నాను. "ఎక్కడిది అక్కడుంటెనే అందం" అని ఊరుకున్నాడు. సముద్రం అవతల ఇదే కథ తిరగబడి ఉంది. కురిటా చేప పట్టిన బివా సరస్సు ఒడ్డున బాస్ బయటినుంచి వచ్చిన దొంగ. అక్కడ పట్టిన బాస్‌ని తిరిగి నీళ్ళలో వదలకూడదని 2003 నుంచి స్థానిక చట్టం. అంచేత ఇంటి అక్వేరియం చేపల్నీ, ఒక చెరువులో పట్టిన చేపల్నీ జాలిపడి ఇంకో చెరువులో వదలకండి. వదలడమంటే ఎక్కడ పట్టామో అక్కడే వదలడం.

బాపు ఆ శరదృతువులో తిరిగి వెళ్ళిపోయాడు. మరుసటి వేసవిలో ఒక సాయంత్రం ఏడున్నరకి అదే గుంటలో మా అబ్బాయికి ఇంకో బాస్ పడింది. వాడు నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు తడుపుకుని, ఊపిరి బిగబట్టి ఎత్తాడు. నేను ఫోన్ తీసేలోపలే దించేశాడు. ఫోటోలో వాడి తడి చేతులూ, నీటి మీద ఒక సుడీ తప్ప ఏమీ లేవు. ఆ ఫోటోనే బాపుకి పంపాం. "చేపేది?" అని అడిగాడు ఫోన్‌లో. "పోయింది తాతా" అన్నాడు వీడు. "గట్ల పోవాలె" అన్నాడు బాపు.